చెలిమె నీళ్లు

మా గల్లీ గోడలకు రంగు పడుతోందంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరింటికి వాళ్లు పండగకు వేసుకునే సున్నం సంగతి కాదు నేను చెప్పేది. బోనాలు దగ్గరపడగానే ఎవరో మనుషులు నిచ్చెనలు భుజాన వేసుకుని వస్తారు. గల్లీలో నడిచేవాళ్లకు కనబడే గోడలకు మాత్రమే పసుపూ నీలమూ పూస్తారు, పక్క సందులోకి తిరిగే గోడను అలాగే వదిలేస్తారు. పైపుల కోసం తవ్వి పోయిన గుంత మీద ఒక రేకు పడేస్తారు. మురుగు పొంగే మోరీ మీద ఒక బండ జరుపుతారు. ఇక మర్నాడో ఆ మర్నాడో నెత్తిన టోపీలు, మెడలో కెమెరాలు వేసుకుని తెల్లవాళ్లు దిగుతారు. లాల్‌దర్వాజా ఎంత అందంగా ఉందో అని మురిసిపోయి, మా దర్వాజాలకూ మా ముగ్గులకూ ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. ఆ రంగు వానకు కారిపోయినా మళ్లీ ఒక్కరు మా వైపు చూస్తే ఒట్టు.

ఈసారి వాళ్లను తీసుకొచ్చేవాడు నవీన్. సైదాబాద్ పిల్లవాడు, నేను తెలుగు చెప్పిన బడిలోనే చదివాడు. ఇప్పుడు విదేశీయులను పాతబస్తీ గల్లీల్లో నడిపించి చూపించడమే వాడి బతుకుదెరువు. ముందురోజు సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పి, బుద్ధిమంతుడిలా మా గడప దగ్గర నిలబడ్డాడు.

"టీచరమ్మా, రేపు మెహమాన్లు వస్తుండ్రు. మీ దర్వాజ పాతది గదా, మస్తుంటది. మీ ఇంటి ముంగట కొద్దిసేపు నిలవెడ్త. జర పెద్ద ముగ్గు ఏపియ్యిండ్రి. ఇగ... గా నీలం డ్రమ్ములు లోపలికి జరిపిస్తరా? ఫొటోల మంచిగ కనవడవు."

ఆ డ్రమ్ములు మా ఇంటి ప్రాణాలు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చినప్పుడు కూడా ముందు వచ్చే నీళ్లు మోరీ కంపు కొడతాయి. అవి పారబోసి, వాసన తగ్గాక పట్టుకున్న నీళ్లే ఆ డ్రమ్ముల్లో ఉంటాయి. తాగినా, వండినా, గిన్నెలు కడిగినా అవే. అలాంటి వాటిని ఏదో దొంగసొమ్ములాగా దాచిపెట్టమంటాడా వీడు!

"ఎందుకు జరపాలెరా? నల్లా రాకుంటే మేమేం తాగాలె? నీ మెహమాన్లు ట్యాంకర్ పంపిస్తరా?"

"అరె, గట్ల కోపం జేస్తే ఎట్లమ్మా? ఒక్క గంట. వాళ్లు వొయినంక నేనే వచ్చి మళ్ల ఆడ్నే పెడ్త."

వాడికి జవాబు చెప్పేలోపలే మా కోడలు సరిత చీర కుచ్చిళ్లు దోపుకుని ఒక డ్రమ్మును పట్టుకుంది. "పోనీ అత్తమ్మా, జరుపుదాం. బయటోళ్ల ముంగట మన ఇజ్జత్ మనమెందుకు తీసుకోవాలె?" అంది.

ఇజ్జత్! ఆ మాట వింటే నాకు మా తాత గుర్తుకొస్తాడు. తాత గుర్తుకొస్తే కోపం వస్తుంది. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది. నేనిప్పుడు ఆయనకంటే ముసలిదాన్నయ్యాను. ఆ కోపం మాత్రం ఇంకా ముసలిది కాలేదు.

మాది నెమలిగుట్ట. దేవరకొండ అవతల, బస్సు దిగి ఎండలో చాలాసేపు నడిస్తే గాని రాని ఊరు. ఎర్రనేల, ఎటు చూసినా రాళ్లు. వానలు మాత్రం మా ఊరి దారి మరిచిపోయినట్టుండేవి. ఉన్న ఒక్క బావిలో శివరాత్రి నాటికే అడుగు కనబడేది. ఇక అక్కణ్ణించి వాగే గతి. వాగు అంటే పారే వాగు అనుకునేరు. అదంతా ఇసుకే. ఆ ఇసుకలో చేతులతో గుంత తీస్తే, అడుగున కొద్దికొద్దిగా నీళ్లు ఊరుతాయి. దాన్ని మేం చెలిమె అంటాం. చెలిమె పక్కన గొంతుక్కూర్చుని, కొబ్బరిచిప్పతో తోడి, పాత ధోవతి గుడ్డలో వడగట్టి బిందెలో పోసుకోవాలి. ఒక చిప్ప తోడాక మళ్లీ ఊరేదాకా ఓపికపట్టాలి. తొందరపడి చిప్ప అంచు గోడకు తగిలించామా, ఇసుక కూలి చెలిమె మొత్తం పూడుకుపోతుంది. పొద్దు పొడవక ముందే అమ్మ నన్ను లేపేది. కళ్లు సగం మూసుకునే నడిచేదాన్ని. ఆ తడి ఇసుక వాసన, చెలిమె నీళ్ల చల్లదనం, బిందె అంచు మీద నీళ్లు తొణకకుండా అమ్మ వేసే వేపమండ, ఇవన్నీ ఇప్పటికీ నాకు ఒక్క రెప్పపాటులో ఎదురుగా నిలబడతాయి. అవి అందంగా ఉండేవని ఎవరైనా అంటే మాత్రం వాళ్లతో మెడ పట్టేదాకా బిందెలు మోయించాలనిపిస్తుంది.

అంత కష్టపడి తెచ్చిన నీళ్లకు ఇంట్లో లెక్క ఎలా ఉండేదో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. బియ్యం కడిగిన నీళ్లు కుడితిలోకి పోవాల్సిందే. స్నానం చేసే బండ కిందినుంచి సన్నటి కాలువ తీసి బీరపాదు దాకా పారించేవాళ్లం. మా తాత పొద్దున్నే వేపపుల్లతో పళ్లు తోముకోవడమైతే ఒక చూడవలసిన ముచ్చట. సగం చెంబు నీళ్లతో నోరు పుక్కిలించి, మొహం కడుక్కుని, పాదాలు తడిపి, ఇంకా అడుగున కాసిని మిగిల్చి, వాటిని కరివేపాకు మొదట్లో వంపేవాడు. అలాంటి మనిషి గడప ముందు చుట్టం కనబడితే చాలు, వేరే మనిషి అయిపోయేవాడు. "కాళ్లకు నీళ్లియ్యిండ్రి!" అని కేక వేసేవాడు. మా ఇంట్లో అతిథికి వినబడే మొదటి మాట అదే. కూర్చోమనడం కూడా దాని తర్వాతే. నిండు చెంబు తెచ్చి ఇవ్వాలి. సగం చెంబు తెస్తే తాత కళ్లతోనే కాల్చేసేవాడు. చుట్టం కాళ్లు కడుక్కుంటున్నంతసేపూ తాత చూపు ఆ పారే నీళ్ల మీద ఉండేది కాదు, ఆ మనిషి మొహం మీద ఉండేది. ఎందుకో అప్పుడు నాకు తెలియదు.

నేను బడికి పోతున్న రోజుల్లో ఒక ఏడు వానలు మరీ మొహం చాటేశాయి. చంకలో మా తమ్ముణ్ణి ఎత్తుకుని అమ్మ ఒక్కతే నీళ్లు తేలేకపోయింది. నన్ను బడి మాన్పించారు. నాకు చదువంటే అంత ఇష్టమా అంటే, అప్పుడు ఇష్టమో కాదో తెలియదు గానీ, వాగుకు పోయే దారి బడి పక్కనుంచే ఉండేది. నెత్తిన బిందెతో పోతుంటే లోపల పిల్లలు ఎక్కాలు చదవడం వినిపించేది. వాళ్లతో పాటు నేనూ నోట్లోనే చదువుకుంటూ పోయేదాన్ని. బడి దాటగానే ఎక్కం సగంలో తెగిపోయేది. నా పలక సంచిలో పెట్టి చిలుకకొయ్యకు తగిలించి ఉండేది. అమ్మ నా చూపు కనిపెట్టి ఒకరోజు అంది, "ఊర్ల బోరింగ్ వడితే నిన్ను తెల్లారే బడికి తోల్త. ఒట్టు." చేతిపంపును మేం బోరింగ్ అనేవాళ్లం. ఆ రోజునుంచి నాకు బోరింగ్ అంటే నీళ్లు కాదు, బడి.

అప్పుడే గ్రామసేవక్ సైకిలు మీద వచ్చి ఊరికి కబురు చెప్పాడు. ఏ దేశంవాళ్లో తెల్లవాళ్లు వస్తున్నారట, నీళ్లకు బాగా తిప్పలుపడే ఊరు చూసి బోరింగ్ వేయిస్తారట. మా ఊరూ, పక్కనున్న కిందూరూ రెండూ చూస్తారు, ఒక్క ఊరికే వేస్తారు. ఊరి పెద్దలు మా అరుగు మీద కూర్చున్నారు. మా తాత మాటే ఊరి మాట. ఆయన ఏం చెప్పాడనుకుంటున్నారు? వాకిళ్లన్నీ అలికి పేడనీళ్ల సాంపి చల్లాలి, ప్రతి ఇంటి ముందూ కుండలు నిండుగా ఉండాలి, వచ్చినవాళ్లకు ఏ గడప ముందూ కాళ్లకు నీళ్లు తక్కువ కాకూడదు. "తెల్లోల్లు దేశం దాటి మన ఊరికొస్తుండ్రు. ఇది ఊరి ఇజ్జత్," అన్నాడు. అందరూ తలలూపారు.

అమ్మ తలుపు వెనక ఉంది. కోడలు మామతో ఎదురుగా మాట్లాడే రివాజు మా ఇళ్లలో లేదు. ఏదైనా చెప్పాలంటే నాకు చెబుతున్నట్టు, ఆయనకు వినబడేట్టు అనాలి.

"యాదమ్మా, మీ తాతనడుగు. నీళ్లు లేవని చూడనీకె వచ్చేటోళ్లకు నీళ్లతోని సాంపి చల్లి చూపిస్తే, వాళ్లేం చూస్తరంట?"

తాత కూడా నా వైపే చూసి అన్నాడు. "మీ అమ్మకు చెప్పు బిడ్డా. ఇంటికొచ్చినోని ముంగట మేం దూపతోని సస్తున్నం అని చెప్పుకుంటమా? వాళ్లకు కండ్లు లేవా? మంచిగ చూసుకుంటే వాళ్లే మనసుల వెట్టుకుంటరు."

"మీ తాతకు చెప్పు, మనసుల వెట్టుకుంటే కుండ నిండదని."

"మీ అమ్మకు చెప్పు, పెద్దోళ్లు మాట్లాడుతుంటే నడుమ రావొద్దని."

ఇద్దరి మధ్యా నేను గుంజలాగా నిలబడి ఉన్నాను. నా తల అటూ ఇటూ తిరిగి నొప్పి పుట్టింది. గెలిచింది తాతే.

ఇక చూడండి మా తిప్పలు. ఆ తెల్లవాళ్లు వచ్చేదాకా ఊళ్లో ఎవ్వరూ స్నానం చేయలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ల కాళ్లు కడగడానికి ఊరంతా చెమట కంపు కొడుతూ తిరిగింది. గొడ్లు నోళ్లు తెరిచి అరుస్తుంటే సగం కుడితే పోశారు. ఆడవాళ్లం పొద్దున వాగుకు, మధ్యాహ్నం వాగుకు, మళ్లీ పొద్దుగూకే వేళకు వాగుకు. బిందె కింద నెత్తి మీద పెట్టుకునే సుట్టబట్ట ఆరిందే లేదు. చెలిమెలు ఊరడం మానేస్తే కొత్తవి తవ్వాం. మా అమ్మ చేతి గోళ్లలో రక్తం గడ్డకట్టింది. వాకిట్లో నీళ్ల గోలెం నిండి తళతళలాడుతుంటే నాకు నోరూరేది గానీ, దాంట్లో చెయ్యి పెడితే తాత ఊరుకునేవాడు కాదు. ఇంత చేస్తున్నది మాకు నీళ్లు లేవని చెప్పడానికే గదా అని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో తల బాదుకోవాలో తెలియదు.

వాళ్లు వచ్చారు. జీపు వెనక పిల్లలు, పిల్లల వెనక కుక్కలు. ఒక దొర, ఒక దొరసాని, వాళ్ల మాట మాకూ మా మాట వాళ్లకూ చెప్పడానికి ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక సారు. ఆ సారుది ఏ జిల్లానో తెలియదు గానీ ఆయన తెలుగు మా బడి పుస్తకంలో తెలుగులా ఉండేది. తాత తలపాగా చుట్టుకుని, ఇత్తడి చెంబు పట్టుకుని ఎదురెళ్లాడు. దొరసానికి మొదట అర్థం కాలేదు. సారు చెప్పాక నవ్వి, బూట్లూ మేజోళ్లూ విప్పింది. పొట్టు తీసిన ఉల్లిగడ్డల్లా ఉన్నాయి ఆ పాదాలు. తాత నీళ్లు పోశాడు. పక్కింటివాళ్లు పోశారు. ఎదురింటివాళ్లు పోశారు. వాళ్లింట్లో కడుక్కుని మా ఇంట్లో కడుక్కోకపోతే ఎట్లా అని ప్రతి గడపా పట్టుబట్టింది. కొన్ని ఇళ్లు దాటేసరికి ఆమె ఇక బూట్లు చేతబట్టుకునే నడిచింది. వాకిళ్లన్నీ బురద. ఎండాకాలంలో మా ఊళ్లో బురద చూడటం నాకు అదే మొదటిసారి.

అన్నీ తిరిగి మా అరుగు మీద కూర్చున్నారు. దొరసాని ఏదో అడిగింది. సారు తెలుగులో చెప్పాడు.

"పెద్దాయనా, మీ గ్రామంలో నీటికి ఇబ్బంది ఏమైనా ఉందా అని అడుగుతున్నారు."

తాత చేతులు జోడించాడు. "మాకేం తక్కువ సారూ? అంత దూరంకెళ్లి మా గడపకు వచ్చిండ్రు. గదే మాకు పదివేలు."

మా వైపు ఎవరింటికి పోయి ఎట్లున్నరని అడిగినా ఇదే మాట అంటారు. అది జవాబు కాదు, మర్యాద. ఇంట్లో గింజ లేనివాడు కూడా "మాకేం తక్కువ" అనే అంటాడు. అడిగినవాడు దాన్ని పక్కన పెట్టి, ఇల్లు చూసి అసలు సంగతి తెలుసుకుంటాడు. ఇస్త్రీ చొక్కా సారు మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు తీసుకెళ్లి ఇంగ్లీషులో పెట్టేశాడు. ఇల్లు చూద్దామంటే కుండలన్నీ నిండుగా ఉన్నాయి.

తలుపు వెనకనుంచి అమ్మ నా జబ్బ పట్టుకుంది. "పో, నువ్వన్న చెప్పు. పిల్లలు చెప్తే తప్పు లేదు," అని నన్ను ముందుకు తోసింది. నేను పోయి సారు ముందు నిలబడి, గట్టిగా చెప్పాను.

"సారూ, మాకు చెలిమెనే సారూ. చెలిమె లేకుంటే మా ఊరు బతకదు."

నా మటుకు నాకు అందులో అంతా ఉంది. ఎండిన బావి, వాగు, మెడనొప్పి, మాన్పించిన బడి. చెలిమె అన్నాక ఇంకా నీళ్లు లేవని వేరే చెప్పాలా? సారు కొంచెం వంగి, "ఏమిటమ్మా, చెలిమా?" అని అడిగాడు. "ఔ సారూ, చెలిమె," అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "ఆహా! ఎంత చక్కగా చెప్పావు తల్లీ!" అని దొరసాని వైపు తిరిగి ఏదో చెప్పాడు. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. కళ్లు చెమర్చాయి. "ఫ్రెండ్‌షిప్, ఫ్రెండ్‌షిప్," అంటూ నన్ను దగ్గరికి తీసుకుంది. సబ్బు వాసన. నాకు ఆ మాట అర్థం కాలేదు గానీ, కన్నీళ్లు అర్థమయ్యాయి. మా తిప్పలు ఆమెకు తెలిసిపోయాయనుకున్నాను. జీపు కదలగానే ఇంట్లోకి పరుగెత్తి, చిలుకకొయ్యకున్న పలక దింపి, బొగ్గూ బీరాకూ వేసి నల్లగా మెరిసేదాకా రుద్దాను. అమ్మ చూసి నా తల నిమిరింది.

బోరు బండి వచ్చిన రోజు దాని మోత మా ఊరంతా విన్నది. పిల్లలం ఎదురు పరుగెత్తాం. అది మా ఊరి దారి మళ్లలేదు, నేరుగా కిందూరికి పోయింది. తర్వాత గ్రామసేవక్ సిగ్గుపడుతూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏం జెయ్యాలె పెద్దయ్యా? నెమలిగుట్టల నీళ్లకు కొదవ లేదన్నరు. మనుషులు చానా మంచోళ్లు, కలిసిమెలిసి ఉంటరన్నరు. కిందూర్లనయితే తాగనీకె గిలాసెడు నీళ్లియ్యలేదంట. ఒక ముసలవ్వయితే, మాకే లేవు, మీకేడికెల్లి తేవాలె అని తిట్టి ఎల్లగొట్టిందంట. పాపం ఆడ మస్తు తిప్పలున్నదని బోరింగ్ ఆడ ఏస్తుండ్రు."

తాత తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకుని, "పోనీతీయ్. మంచోళ్లన్న పేరన్న మిగిలింది," అన్నాడు. కొద్దిరోజులకు ఎవరో చుట్టం వస్తే తాత అలవాటుగా "కాళ్లకు నీళ్లియ్యిండ్రి!" అని కేక వేశాడు. లోపల అమ్మ కదలలేదు. ఆయన మళ్లీ కేక వేశాడు. అప్పుడు అమ్మ గొంతు వినబడింది. "యాదమ్మా, మీ తాతకు చెప్పు. మిగిలిన పేరుతోని కడుక్కొమ్మను కాళ్లు." ఆ చుట్టం తల దించుకున్నాడు. తాత తనే లేచి చెంబు ముంచుకొచ్చాడు. ఆ తర్వాత మా అమ్మ బతికినన్నాళ్లూ ఎవరికీ కాళ్లకు నీళ్లివ్వలేదు. నా పలక మళ్లీ చిలుకకొయ్యకు ఎక్కింది. మేం కిందూరి బోరింగ్ దగ్గర, వాళ్లంతా పట్టుకున్నాక మిగిలిన వంతు కోసం ఎండలో నిలబడేవాళ్లం.

చివరికి లాల్‌దర్వాజాలో పాల వ్యాపారం చేసే మా మేనమామ నన్ను తీసుకొచ్చాడు. "ఈడ బిందెలు మోసుడెందుకు? ఆడ బర్ల కాడ ఇంత పని జేసుకుంట చదువుకుంటది," అన్నాడు. వాళ్ల వాకిట్లో నల్లా ఉండేది. మొదటిరోజు దాన్ని తిప్పడం, కట్టేయడం, మళ్లీ తిప్పడం, అత్త అరిచేదాకా అదే పని. బడిలో నాకంటే పొట్టి పిల్లల పక్కన కూర్చోబెట్టారు. సిగ్గేసింది గానీ కూర్చున్నాను. ఒకరోజు ఇంగ్లీషు సారు బోర్డు మీద ఒక మాట రాసి, గట్టిగా పలికి, పక్కన అర్థం రాశాడు. ఫ్రెండ్‌షిప్: స్నేహం, మైత్రి, చెలిమి.

నా చేతిలో బలపం విరిగింది. ఆ సబ్బు వాసన, ఆ కన్నీళ్లు, గుండె మీద చెయ్యి, అన్నీ ఒక్కసారి తిరిగొచ్చాయి. ఆ సారుకు చెలిమె తెలియదు! ఇసుకలో నీళ్లు తోడుకునే గుంతకు ఒక పేరుంటుందని కూడా ఆయనకు తెలియదు. ఎత్వాన్ని గుడి చేసి, మా ఊరు స్నేహం మీద బతుకుతుందని వాళ్లకు చెప్పాడు. నా బడి ఒక గుడి కింద పడి నలిగిపోయింది. అంత కోపం నాకు జీవితంలో మళ్లీ రాలేదు, ఎవరి మీద చూపించాలో కూడా తెలియలేదు. తర్వాత నేను తెలుగు టీచరునయ్యాక, ఎత్వం పెట్టాల్సిన చోట గుడి పెట్టిన పిల్లల్ని ఎంతగా సతాయించానో వాళ్లనే అడగాలి. ఆ తిట్లు తిన్నవాళ్లలో ఈ నవీన్ కూడా ఉన్నాడు.

అందుకే ఈసారి నేను గట్టిగా నిర్ణయించుకున్నాను. డ్రమ్ములు కదలవు. అడిగితే ఉన్నమాట చెబుతాను. సరిత మొహం మాడ్చుకుని, కదలకపోతే పోనీ అని డ్రమ్ముల మీద కొత్త దుప్పటి కప్పింది. అప్పటికి మా తాత గోలెం నింపాడు, ఇప్పుడు మా కోడలు డ్రమ్ము కప్పింది. తేడా ఏముంది చెప్పండి? ఊళ్లో అప్పుడు నల్లా అంటే తెలియదు, ఇక్కడ నల్లా ఉండి నీళ్లు రావు. నేను బిందెలు మోయడం లేదు గానీ, నల్లా వచ్చే వేళకు సరిత నిద్ర మధ్యలో లేచి కూర్చుంటుంది. ఆ పిల్ల మెడ కూడా నొప్పే.

మర్నాడు పొద్దున వాళ్లు వచ్చారు. అందరికంటే వెనక వస్తున్న ఒక అమ్మాయి, మా ఇంటి ముందుకొచ్చేసరికి మోరీ మీది బండ అంచు తొక్కింది. బండ ఒరిగి, ఆమె కాలు చీలమండ దాకా బురదలో దిగిపోయింది. నవీన్ ప్రాణం పోయినట్టు చూశాడు. ఆ పిల్ల నవ్వేసి, కుంటుకుంటూ వచ్చి నా గడప ముందు నిలబడి ఏదో అడిగింది.

"అమ్మా, ఈ గల్లీల మీ జిందగీ ఎట్లుంటదని అడుగుతున్నది," అన్నాడు నవీన్.

బిందె మోసిన వయసునుంచి ఆ ప్రశ్న కోసం కాచుకుని ఉన్నాను నేను. "చెప్పు నవీన్. నల్లా రోజిడిసి రోజొస్తది. వస్తే మోరీ వాసనొస్తది. గల్లీ తవ్వి వొయినోళ్లు మళ్ల మొకం చూపియ్యలే. గోడకు రంగేసే పైసలతోని గుంత పూడుస్తే ఈ పిల్ల కాలు మంచిగుండు. ఒక్క ముక్క ఇడవకుంట చెప్పు."

వాడు ఆమె వైపు తిరిగి, నవ్వుతూ, రెండు ముక్కలు చెప్పాడు. నాకు ఇంగ్లీషు నాలుక తిరగదు గానీ చెవికి తెలుస్తుంది. మీరొచ్చినందుకు ఆమెకు చాలా సంతోషమట. మీరు వాళ్ల ఇంటి మనుషుల్లాంటివాళ్లట.

"నవీన్! నేను గట్లన్ననారా?"

"అమ్మా, పండుగ చూడనీకె వచ్చిండ్రు. వాళ్లకు మోరీ కథ ఎందుకు? మన ఇజ్జత్..."

మా తాత సైదాబాద్‌లో మళ్లీ పుట్టాడని నాకు అప్పుడు తెలిసింది. ఇక ఆగలేదు. డ్రమ్ముల మీది దుప్పటి పట్టి లాగేశాను. నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, ఆ అమ్మాయి కళ్లలోకి చూసి చెప్పాను. "వాటర్ నో. టుడే నో. టుమారో మేబీ. వాటర్ బ్యాడ్ స్మెల్." డ్రమ్ము మీద చేత్తో కొట్టి చూపించాను, సగానికి కింద కూడా బోలుగా మోగింది. ఆమె నవ్వు ఆగిపోయింది. గుండె మీద చెయ్యి వేసుకోలేదు, కళ్లనీళ్లు పెట్టుకోలేదు. డ్రమ్మును చూసింది, నన్ను చూసింది. "సారీ," అంది మెల్లగా. అర్థమైంది ఆ పిల్లకు! ఇన్నేళ్లకు, నెమలిగుట్ట వాకిట్లో చెప్పాల్సిన మాట లాల్‌దర్వాజా గడపలో ఒక మనిషికి అర్థమైంది. నా గుండెల మీదినుంచి ఎవరో బిందె దించినట్టయింది.

ఎప్పుడు ముంచానో తెలియదు, నా చేతిలో నిండు చెంబు ఉంది. "కాలు పెట్టు బిడ్డా," అని ఆమె పాదం వైపు చూపించాను. వెనకనుంచి సరిత, "అత్తమ్మా, రేపటిదాక గవ్వే నీళ్లు," అని గొణిగింది. ఆ అమ్మాయి చెంబు చూసింది, డ్రమ్ము చూసింది, గబుక్కున కాలు వెనక్కి తీసుకుంది. "నో, నో, ప్లీజ్. యువర్ వాటర్," అని రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆ బురద కాలుతోనే పోతానంది. మంచిపిల్ల. ఉన్నమాట విన్నది గనకే వద్దంది. నేను కోరుకున్నది అదే గదా? కానీ నాకు తల తీసేసినట్టయింది. నా గడప ముందుకొచ్చిన మనిషి నా చేతి నీళ్లు వద్దని, నన్ను చూసి జాలిపడుతోంది. ఆ చూపును భరించడం నావల్ల కాలేదు. తాత ఎందుకు చుట్టాల మొహాల్లోకి అలా చూసేవాడో, ఆయనకు దేనికి భయమో అప్పుడు తెలిసింది. తెలిసినందుకు ఆయన మీద కోపం తగ్గలేదు సరికదా, ఈసారి అందులో నాకూ వాటా వచ్చింది.

"మాకేం తక్కువ బిడ్డా? పెట్టు కాలు," అన్నాను.

నవీన్ ఈసారి ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు.